చెట్టు కడుపులో మేకు



ఈసారి ఛందస్సును గురించి గాని, సంధులను గురించి గాని వ్రాయడం లేదు. కోపంతో వ్రాస్తున్నాను. కోపంలో వ్రాసినదాన్ని మరునాడు చదువుకొని చింపివేయడం నా అలవాటు. ఈ టపాను మూడు రోజులు ఆపి మళ్ళీ చదువుకొన్నాను. కోపం తగ్గలేదు. అందువల్ల ప్రచురిస్తున్నాను.

క్రిందటి వారం కోటగిరి నుంచి బాన్సువాడకు బస్సులో వెళ్ళాను. కిటికీ ప్రక్కన కూర్చుని బాట వెంబడి చెట్లను చూస్తూ పోయాను. ఒక వేపకు ఏదో విద్యాసంస్థ వారి "ప్రవేశాలు ప్రారంభం" రేకు. కొంత దూరం పోయాక ఒక చింతకు ఇళ్ళ స్థలాల ప్రకటన. ఆ పైన ఒక మర్రికి "మొలలకు శస్త్రచికిత్స లేకుండా వైద్యం". అన్నీ మేకులతో బిగించినవే. మేకుకు మా ప్రాంతంలో వాడుక మాట "మొల". తెలుగులో చీల, మేకు, మొల మూడూ ఒకటే. మొలలకు వైద్యం చేస్తామని చెప్పడానికి చెట్టుకు నాలుగు మొలలు దించారు. బస్సులో ఒక్కడినే నవ్వుకొన్నాను. తరువాత నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందో చెప్పడానికే ఈ టపా.

నా వాదం ముందే చెబుతాను. చెట్టుకు మేకు కొట్టేవాడు చెట్టుకు చేసే అపకారం కంటె, ఇరవై ముప్పై ఏళ్ళ తరువాత ఆ చెట్టును కోసే మనిషికి చేసే అపకారం పెద్దది. ఆ కోసే మనిషి ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. పుట్టినా మేకు కొట్టినవాడికి తెలియదు. ఎవరిని గాయపరుస్తున్నామో తెలియకుండా చేసే హింస ఇది. దీనికి చట్టం సంగతి అటుంచి, మన భాషలో ఒక తిట్టయినా ఏర్పడలేదు.

ఈ మాట నేను ఇతరుల మీద వేలు చూపి చెప్పడం లేదు. నేనే ఆ పని చేశాను.

1986లో నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్ళయింది. సాయంకాలం మా ఇంటి అరుగు మీద పిల్లలకు ఉచితంగా పాఠాలు చెప్పేవాడిని. ముంగిట్లో వేప చెట్టు. పిల్లలకు మంచి మాట కనబడాలని ఒక రేకు మీద పసుపు రంగు వేసి, నల్లని అక్షరాలతో "వృక్షో రక్షతి రక్షితః" అని స్వయంగా వ్రాశాను. చెట్టును నీవు కాపాడితే నిన్ను చెట్టు కాపాడుతుందని. ఆ రేకును ఆ వేపకే నాలుగు మేకులతో కొట్టాను! అందులోని వికటత్వం ఆ రోజు నాకు తోచలేదు. చూసిన పెద్దలెవరికీ తోచలేదు. "పంతులుగారు మంచి పని చేశారు" అన్నారు. కొన్నేళ్ళకు రేకు తుప్పు పట్టి ముక్కలై రాలిపోయింది. నేను బదిలీల మీద ఊళ్ళు తిరిగాను. రేకును మరచిపోయాను. మేకులను అసలే మరచిపోయాను.

2022 వేసవిలో ఒక రాత్రి గాలివానకు ఆ వేప కూలింది. మా పూర్వులు నాటిన చెట్టు. పొయ్యి పాలు చేయడానికి మనసొప్పలేదు. మొదలు దుంగ నాలుగైదు పలకలకు వస్తుందనిపించింది. మనవరాలికి ఉయ్యాల బల్ల, నాకు వ్రాత బల్ల చేయించాలనుకొన్నాను. సామిల్లుకు కబురు చేస్తే "ఇంటి ముంగిలి చెట్టా? మాకు వద్దు" అన్నారు. అప్పుడు నాకు కష్టం తోచింది. ఇప్పుడు వారిదే న్యాయమని తెలుసు. ఊరి చెట్టు, ఇంటి చెట్టు అంటే మిల్లువాడి కంటికి మేకుల మూట. బట్టలారవేసే తీగ, ఎద్దును కట్టే కడియం, పండుగకు కట్టిన దీపాల తీగ, దయ్యం పట్టిందని భూతవైద్యుడు దించిన మేకు, అన్నీ దానిలోనే ఉంటాయి.

చివరకు పెట్రోలుతో నడిచే గొలుసు రంపానికి చట్రం బిగించి ఇంటి దగ్గరే పలకలు కోసిపెట్టే మనిషి దొరికాడు. నా దగ్గర తొమ్మిదవ తరగతి చదువుకొన్నవాడే. రంపం దించే ముందు అడిగాడు:

"సారూ, ఈ చెట్టుకు ఎప్పుడన్న మొలలేమన్న కొట్టిన్రా?"

"లేదయ్యా. నా కళ్ళ ముందు పెరిగిన చెట్టు. ఒక్క మొల కూడా లేదు" అన్నాను.

అతని సంచిలో ఒక పెద్ద అయస్కాంతం ఉంది. తీయబోయి, మళ్ళీ సంచిలో వేశాడు. "సార్ చెప్పినంక ఇంకేం జూస్తం" అన్నాడు.

రెండవ పలక సగం దాకా వచ్చింది. ఒక్కసారిగా నిప్పురవ్వలు లేచాయి. గొలుసు తెగి ఎగిరి అతని ముంజేతిని చీల్చింది. పదకొండు కుట్లు పడ్డాయి. రెండు నెలలు పని లేదు. ఆస్పత్రి ఖర్చు, ఆ రెండు నెలల కూలి నేను ఇచ్చాను. అది ఉపకారం కాదు, బాకీ. నేను చూడబోతే అతడు నన్నే ఓదార్చాడు: "ఎరుక లేక చెప్పిన్రు సారూ, మీ తప్పేముంది." ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పినవాడికి అంతకంటె పెద్ద శిక్ష ఉండదు. నా మాటను వేదవాక్యంగా నమ్మడం బడిలో నేర్పింది నేనే కదా.

ఆ పలకను తరువాత విడదీసి చూశాను. మేకు చుట్టూ జానెడు మేర నల్లగా మరక. మేకు తల క్రింద, కొయ్య మింగివేసిన గోరంత రేకు ముక్క. దాని మీద పసుపు రంగు ఇంకా ఉంది.

ఇక వాదానికి వస్తాను. ఈ సంగతి చెప్పినప్పుడల్లా మిత్రులు మూడు ఆక్షేపణలు చేస్తారు. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి ఆక్షేపణ: "కోసేవాడు చూసుకోవాలి కదా. అది వాడి వృత్తి." చూసుకోవాలి, నిజమే. ఎలా చూసుకోవాలో, ఎంతవరకు చూడగలడో తెలిసిన తరువాత ఈ మాట అనండి.

చెట్టు పొడవు పెరిగేది కొమ్మల కొనల వద్ద. మాను పెరిగేది లావుగా మాత్రమే. బెరడుకు లోపల ఉండే పలుచని సజీవమైన పొర ఏటేటా వెలుపలి వైపు కొత్త కొయ్యను పేరుస్తుంది. అందువల్ల ఛాతీ ఎత్తున కొట్టిన మేకు వందేళ్ళయినా ఛాతీ ఎత్తుననే ఉంటుంది. చెట్టుతోపాటు పైకి పోతుందన్నది అపోహ. మనిషి చేయి అందే ఎత్తు వరకే ప్రమాదం ఎక్కువ. దురదృష్టమేమంటే, లావుగా, తిన్నగా, కొమ్మల ముళ్ళు లేకుండా ఉండే మంచి దుంగ కూడా ఆ భాగమే. ఏడాదికి పావు అంగుళం మందం చొప్పున పెరిగే చెట్టు ఇరవై ఏళ్ళలో ఆ మేకు తల మీద అయిదు అంగుళాల కొయ్యను కప్పివేస్తుంది. బెరడు మీద మిగిలేది బొడ్డు వంటి చిన్న నొక్కు, లేదా చిన్న బుడిపె. నా వేపకు అటువంటి నొక్కు ఉండేది. ఏళ్ళ తరబడి చూశాను. పూర్వం విరిగిన కొమ్మ గుర్తు అనుకొన్నాను.

రెండవ గుర్తు నల్లని మరక. దీని వెనుక ఉన్న రసాయనం మన పూర్వులకు బాగా తెలుసు. కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపితే నల్లని సిరా అవుతుంది. కరక్కాయలోని ఒగరు పదార్థం, అన్నభేదిలోని ఇనుము కలిసి ఆ నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుప ముక్కలను బెల్లం నీళ్ళలో పులియబెట్టి తీసిన ద్రవంతో గీతలు గీస్తే అవి నల్లబడేదీ ఇందువల్లనే. చెట్టు కడుపులో మేకు తుప్పు పట్టినప్పుడు జరిగేదీ ఇదే. కొయ్యలోని ఒగరుతో ఇనుము కలిసి, నీరు ప్రవహించే నాళాల వెంబడి పైకీ క్రిందికీ నల్లని చార సాగుతుంది. దుంగ కొనను నరికినప్పుడు ఆ కోత ముఖం మీద నీలి నలుపు మచ్చ కనబడితే, ఆ వరుసలో ఎక్కడో ఇనుము ఉన్నదని గ్రహించాలి. తుమ్మ, మద్ది వంటి ఒగరు చెట్లలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఒగరు తక్కువ ఉన్న కొయ్యలో మరక పడకపోవచ్చు. కాబట్టి మరక ఉంటే మేకు ఉన్నదనుకోవాలి గాని, మరక లేదు గనుక మేకు లేదనుకోరాదు. తర్కం చదివిన మిత్రులకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

మూడవది పరికరం. అయస్కాంతం బెరడుకు దగ్గరగా ఉన్న ఇనుమునే పట్టుకొంటుంది. రాగి, అల్యూమినియం తీగలు, సీసపు గుండ్లు దానికి తెలియవు. సినిమా హాలు గుమ్మంలో కాపలావాడు మన జేబుల మీద తిప్పే కడ్డీ వంటి లోహశోధకం మెరుగు. అది తన చుట్టూ అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దానిలోకి ఏ లోహం వచ్చినా ఆ లోహంలో చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది. ఆ మార్పును పసిగట్టి కడ్డీ కూస్తుంది. కాని చేతి కడ్డీకి చిన్న మేకు అందేది కొద్ది అంగుళాల లోతు వరకే. అయిదు అంగుళాల లోతున పడుకొన్న మేకు దానికి వినబడదు. అందువల్ల జాగ్రత్త గల పనివాడు ఒక పలక తీయగానే కొత్తగా బయటపడిన ముఖం మీద మళ్ళీ కడ్డీ తిప్పుతాడు. పలకపలకకూ తిప్పుతాడు. కూసిన చోట సుద్దతో గుర్తు పెట్టి, ఉలితో తవ్వి తీస్తాడు, లేదా ఆ భాగాన్ని నరికి పారవేస్తాడు. ఇంత చేసినా పింగాణీ ముక్క, రాయి అయితే కడ్డీ కూయదు.

జర్మనీలో రెండవ ప్రపంచ యుద్ధం సాగిన అడవుల నుంచి వచ్చే దుంగలలో నేటికీ తూటాల, బాంబుల శకలాలు దొరుకుతాయి. అక్కడి మిల్లులు దుంగను రంపానికి అందించే ముందు లోహశోధక యంత్రంలో పరీక్షిస్తాయి. వారికి యుద్ధం వచ్చింది, చెట్లలో ఇనుము దిగింది. మనకు ఏ యుద్ధం వచ్చిందని? ట్యూషన్ల ప్రకటనల కోసం మన చెట్లను యుద్ధభూమి చెట్లుగా మార్చుకొన్నాం. ఆ తరువాత రోజు కూలికి పనిచేసే మనిషిని యంత్రం కొనుక్కోలేదేమని నిలదీస్తున్నాం. గోతిని తవ్వినవాడు దారిన పోయేవాడికి కళ్ళు లేవా అని అడిగినట్లుంది.

రెండవ ఆక్షేపణ: "మేకు కొట్టినంత మాత్రాన చెట్టు చస్తుందా?" చావదు. ఆవేశంలో అబద్ధం చెప్పను. ఆరోగ్యం గల పెద్ద చెట్టు ఒకటి రెండు మేకులను తట్టుకొంటుంది. గాయం చుట్టూ గోడ కట్టినట్లు కొయ్యను గట్టిపరచి, కుళ్ళు వ్యాపించకుండా ఆ భాగాన్ని వేరు చేసుకొంటుంది. కాని ఏటా కొత్త రేకు, కొత్త మేకులు పడే బాట ప్రక్క చెట్టుకు గాయం మీద గాయం. ప్రతి రంధ్రం కుళ్ళు కలిగించే శిలీంధ్రానికి ఒక వాకిలి. అదీగాక, చావకపోవడమే కొలమానమయితే మనిషికీ వేలిలో మేకు దిగితే చావడు.

2018లో మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టినప్పుడు, మందు కలిపిన నీటిని సెలైను సీసాలతో చుక్కచుక్కగా ఎక్కించి కాపాడారు. సుమారు ఏడు వందల ఏళ్ళ మర్రి అని చెప్పుకొంటారు. పత్రికలలో ఆ చిత్రం చూసి నా కళ్ళు చెమర్చాయి. అదే ఏడు వచ్చిన పంచాయతీరాజ్ చట్టం, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతకాలన్నది. చెట్టు నరకడానికి అనుమతి కావాలని 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ఎప్పుడో చెప్పింది. మొక్కకు లెక్క ఉంది, నరకడానికి అనుమతి ఉంది. నడుమ బ్రతికే నలభై ఏళ్ళలో దానికి మేకు కొట్టేవాడు మాత్రం ఎవరినీ అడగడు. ఒక చెట్టుకు సూది పెట్టి బ్రతికించుకొంటాం, వంద చెట్లకు మేకులు పెట్టి మరచిపోతాం.

మూడవ ఆక్షేపణ చేసినవారు నాబోటి మంచి ఉద్దేశాలవారు. "ప్రకటనల సంగతి సరే. చెట్టు పేరు, శాస్త్రనామం, పర్యావరణ నినాదం వ్రాసి కొడితే తప్పేమిటి?" అయ్యా, రంపానికి సంస్కృతం రాదు. మేకు మీద ఉన్నది శ్లోకమా, ట్యూషన్ ప్రకటనా అని అది చదవదు.

సదుద్దేశం విషయంలో ఒక దేశాంతర ఉదాహరణ. 1980లలో అమెరికాలో కొందరు పర్యావరణ ఉద్యమకారులు అడవుల నరికివేతను ఆపడానికి చెట్లలో పెద్ద మేకులు దించే పద్ధతిని ప్రచారం చేశారు. 1987 మే నెలలో కాలిఫోర్నియాలోని క్లోవర్‌డేల్ మిల్లులో దుంగలో దాగిన మేకుకు తగిలి బ్యాండ్ రంపం తెగింది. 23 ఏళ్ళ కార్మికుడి దవడ విరిగింది, పళ్ళు రాలిపోయాయి. ఆ మేకు కొట్టినదెవరో తేలలేదు. మరుసటి ఏడు, 1988లో, చెట్లలో అలా మేకులు దించడాన్ని అక్కడి కేంద్ర చట్టం నేరం చేసింది. 1990లో ఆ ఉద్యమానికే చెందిన జూడీ బారీ మొదలైనవారు ఉత్తర కాలిఫోర్నియాలో ఈ పద్ధతిని తాము విడిచిపెడుతున్నామని బహిరంగంగా ప్రకటించారు. గాయపడేది అడవిని అమ్ముకొనే యజమాని కాదు, రంపం ముందు నిలబడే కూలివాడని వారు గ్రహించారు. చెట్టును కాపాడడానికే మేకు కొట్టినవారు కూడా మానుకొన్నారు. మనం రేకు వేలాడదీయడానికి కొడుతున్నాం.

"అయితే బోర్డు ఎక్కడ పెట్టాలి?" అంటారు. నేలలో ఒక గుంజ పాతండి. గోడ యజమానిని అడిగి గోడకు కట్టండి. తప్పనిసరయితే కొద్ది రోజులకు వదులుగా నూలు త్రాడు చుట్టి, పని కాగానే విప్పేయండి. తీగ చుట్టకండి. చెట్టు లావెక్కే కొద్దీ తీగ బెరడును కోసి లోపలికి దిగుతుంది, అదీ మేకుకు తోబుట్టువే. ఇవేవీ చేయలేనంత బీదరికం ఏ విద్యాసంస్థకూ లేదు. చెట్టు మీద కొట్టేది ఖర్చు తగ్గుతుందని కాదు, అడిగేవాడు లేడని.

ఈ వ్యవహారంలో మరొక నష్టం ఉంది. మేకుల భయంతో మిల్లువాడు ఊరి చెట్టును తీసుకోడు. వేప, చింత, దిరిసెన వంటి గట్టి కొయ్య పొయ్యిలోకి పోతుంది. తలుపులకు, మంచాలకు దూరదేశపు టేకు కొంటాం. ముంగిట్లో తాత నాటిన చెట్టు మనవడికి తలుపు కావలసింది, బూడిద అవుతుంది. రెండు అంగుళాల మేకు చేసే పని ఇది.

కనుక నా కోరికలు నాలుగు. ఒకటి, ఇకపై ఎవరూ చెట్టుకు మేకు కొట్టకండి. కొట్టేవాడిని చూస్తే ఊరకుండకండి. రెండు, కొత్తగా కొట్టిన మేకులు తల బయట ఉండగానే తిన్నగా లాగి తీయండి. బెరడు మింగివేసినవాటి కోసం చెట్టును తవ్వకండి. అది మరింత పెద్ద గాయం. మూడు, అటువంటి మేకు ఉన్న సంగతి కాగితం మీద వ్రాసి ఉంచండి. ఇంటి దస్తావేజులతోపాటు "తూర్పు వైపు వేపలో, నేల నుంచి నాలుగడుగుల ఎత్తున మేకు ఉంది" అని ఒక్క పంక్తి. పిల్లలకు జాతకాలు వ్రాయించే మనం చెట్టుకు ఇంత వ్రాయలేమా? నాలుగు, కోసేవాడు అడిగితే, తెలియకపోతే "తెలియదు" అనండి. "లేదు" అనకండి. ఈ రెండు మాటలకు ఉన్న తేడా నాకు పదకొండు కుట్లతో తెలిసింది, అవీ నా చేతికి పడలేదు.

ఏకై వచ్చి మేకై కూర్చోవడమన్న సామెత మనకు ఉన్నదే. నా మేకు మాత్రం మొదటి నుంచీ మేకే. సూక్తి చాటున ఉండడంవల్ల నాకు ఏకులా కనబడింది.

వేప పలకలలో బాగున్న వాటితో మనవరాలికి ఉయ్యాల బల్ల అయింది. నల్లని మరక ఉన్న పలకను నేను ఉంచుకొన్నాను. దాని మీదే కీబోర్డు పెట్టుకొని ఈ టపా వ్రాస్తున్నాను. కోసిన ఆ శిష్యుడే దానికి కాళ్ళు బిగించి ఇచ్చాడు. మరక ఉన్న వైపు క్రిందికి తిప్పుదామన్నాడు. వద్దు, పైకే ఉంచమన్నాను.

మీ ఇంటి ముంగిట్లో చెట్టు ఉంటే, ఈ టపా చదవడం కాగానే లేచి, ఛాతీ ఎత్తున దాని చుట్టూ ఒకసారి చేత్తో తడిమి చూడండి. ఏమి దొరికిందో వ్యాఖ్యలలో వ్రాయండి. నన్ను తిట్టాలనుకొనేవారు కూడా అక్కడే తిట్టవచ్చు. తొలగించను.

స్వస్తి.